నా ఫిర్యాదు పరిష్కారమైందని రాసింది ఎవరు?

హైదరాబాద్

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్లే స్ట్రోలర్ బ్రేకు గురించి నేనిచ్చిన ఫిర్యాదును, నన్ను ఒక్క మాట అడగకుండా మూసేయడం గురించి.

అయ్యా,

నిన్న మధ్యాహ్నం మీ కంపెనీ నుంచి నా ఫోనుకి మెసేజ్ వచ్చింది. నా ఫిర్యాదు పరిష్కరించారట. మీ సేవ నాకు ఎలా అనిపించిందో రేటింగ్ ఇవ్వమన్నారు. ఆ మెసేజ్ చదివేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. స్ట్రోలర్ మా హాల్లో గోడకి ఆనించి ఉంది. బ్రేకు తొక్కితే ఇప్పటికీ జారిపోతోంది. మీ మనిషి ఒక్కరు కూడా మా గుమ్మంలోకి రాలేదు. మరి పరిష్కరించింది ఏమిటి? చేసింది ఎవరు? ఈ ఉత్తరానికి మీరు ఇంకేం జవాబు చెప్పినా చెప్పకపోయినా ఈ రెండు ప్రశ్నలకు మాత్రం చెప్పాలి.

అసలు జరిగింది ముందు క్లుప్తంగా చెబుతాను. దాని గురించి మీ వాళ్లకు ఇప్పటికే చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. మా బాబు అన్నప్రాసన అన్నవరంలో చేయించాలని మా అత్తయ్యగారి మొక్కు. రాత్రి రైలెక్కాం. అయిదేళ్లలోపు పిల్లలకు రైల్లో టికెట్ అక్కర్లేదు, అలాగని బెర్తూ ఇవ్వరు కాబట్టి పెద్దది మా వారి పక్కలో, చిన్నోడు నా పక్కలో. తెల్లారేసరికి ఇద్దరికీ నిద్ర సరిపోక ఒకటే ఏడుపు. అన్నవరంలో రైలు ఆగేది కాసేపే. మా వారు సంచులు దించుతుంటే నేను స్ట్రోలర్ విప్పి పిల్లల్ని ఇద్దర్నీ కూర్చోబెట్టి, బెల్టులు పెట్టి, బ్రేకు తొక్కాను. పాలసీసాల సంచి అందుకోవడానికి ఇటు తిరిగానో లేదో స్ట్రోలర్ కదిలింది. పట్టాల వైపు కదిలింది. అక్కడ టీ అమ్ముకుంటున్న పెద్దాయన చెయ్యి అడ్డుపెట్టి ఆపారు. ఆయన ఆపకపోతే ఏమయ్యేదో నేను ఇక్కడ రాయలేను. కొండ మీద స్వామి సన్నిధిలో బాబు నోట్లో మొదటి ముద్ద పెడుతున్నప్పుడు కూడా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

వస్తువన్నాక ఒక్కోసారి పాడవుతుంది. అది నాకు తెలుసు. స్ప్రింగు విరిగిందో, పన్ను అరిగిందో, అది మీ ఇంజినీర్లు చూసుకోవాల్సిన సంగతి. దాని మీద నేను పోట్లాడటం లేదు. ఇంటికి రాగానే మీకు ఫోన్ చేశాను. ఇంత ప్రమాదం తప్పిందని చెబితే మీరు పరుగున వస్తారని నిజంగానే నమ్మాను. అక్కడి నుంచి మీ వాళ్లు నన్ను తిప్పిన తిప్పుడు గురించే ఈ ఉత్తరం.

మీ నంబరుకు ఫోన్ చేస్తే తెలుగు కోసం ఒక అంకె నొక్కమంటారు. నొక్కితే వచ్చే అమ్మాయి హిందీలో మాట్లాడుతుంది. తెలుగు వాళ్లు లైన్లో లేరట. సరే, నాకు వచ్చిన హిందీలోనే చెప్పుకున్నాను. అంతా విని, బిల్లు మా వారి పేరు మీద ఉంది కాబట్టి ఆయనే ఫోన్ చేయాలంది. ఆయన ఆఫీసులో మీటింగులు వదులుకుని ఫోన్ చేస్తే, ఫిర్యాదు మేడమ్ నంబరు నుంచి నమోదైంది కాబట్టి మేడమే మాట్లాడాలని ఇంకొకాయన చెప్పాడు. ఇలా ఒకరి మీద ఒకరు చెప్పుకోవడంతోనే ఆ వారం గడిచిపోయింది.

పసిబిడ్డను చంకనేసుకుని ఫోన్ పట్టుకుని నిలబడటం ఎలా ఉంటుందో మీ ఆఫీసులో ఎవరికైనా తెలుసో లేదో. మీరు వినిపించే ఆ సంగీతం వింటూ ఎదురుచూస్తుంటాను. ఒకవైపు చిన్నోడు ఉగ్గు కోసం గుక్కపెట్టి ఏడుస్తుంటాడు. ఇంకోవైపు పెద్దది ‘అమ్మా, బాత్రూమ్’ అంటూ చీర కుచ్చిళ్లు లాగుతుంటుంది. లైను కట్ చేస్తే మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి కాబట్టి కట్ చేయలేను. తీరా ఎవరో ఎత్తి, పేరు, ఫోన్ నంబరు, ఆర్డర్ నంబరు, సమస్య ఏమిటి అని మళ్లీ మొదటి నుంచే అడుగుతారు. మీ దగ్గర కంప్యూటర్లో రాసి పెట్టుకోరా? నేను చెప్పిందంతా ఎక్కడికి పోతోంది?

మీ వాళ్లలో ఒకాయన అడిగిన ప్రశ్న నేను జన్మలో మర్చిపోను. ‘పిల్లలకు ఏమీ కాలేదు కదా మేడమ్?’ అన్నాడు. కాలేదు అన్నాను. ‘అయితే అర్జెంట్ కేటగిరీలోకి రాదు’ అన్నాడు. అంటే ఏమైనా అయి ఉంటే అప్పుడు వచ్చేవారా? ఏ తల్లినైనా పట్టుకుని అలా అడగొచ్చని మీరే నేర్పారా, లేక ఆయనే అన్నాడా? ఇంకొకామె, ‘ఫంక్షన్ అయిపోయింది కదా మేడమ్, ఇప్పుడంత తొందరేముంది’ అంది. అన్నప్రాసన అయిపోతే పిల్లలు పెద్దవాళ్లయిపోతారా? చిన్నోడికి ఇంకా టీకాలున్నాయి. పెద్దదాన్ని పార్కుకి తీసుకెళ్లాలి. మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లోంచి రోడ్డుకెక్కే ర్యాంపు బాగా ఏటవాలుగా ఉంటుంది. ఆ ర్యాంపు దగ్గర ఇద్దరు పిల్లలతో ఒక్కదాన్నే నిలబడాలంటే నాకు ఎంత టెన్షనో ఆమెకెలా తెలుస్తుంది.

తర్వాత వీడియో అడిగారు. బ్రేకు వేసి, బండి జారుతున్నట్టు తీసి పంపమన్నారు. ఇక్కడి వరకు సబబే. కానీ ‘పిల్లలు కూర్చుని ఉన్నప్పుడే తీయాలి’ అన్నారు. నేను సరిగ్గా వినలేదేమో అని మళ్లీ అడిగాను. అవును, వాడకంలో ఉన్నట్టు కనిపించాలట. బ్రేకు పట్టని బండిలో నా పిల్లల్ని కూర్చోబెట్టి, అది జారుతుంటే చేతులు కట్టుకుని వీడియో తీయాలా? పిల్లల బదులు ఇంట్లో ఉన్న బియ్యం సంచి పెట్టి తీసి పంపాను. బండి ఎలా జారిపోతోందో అందులో స్పష్టంగా కనిపిస్తుంది. దానికి మీ ఈమెయిల్ ఏం వచ్చిందో తెలుసా? బియ్యం సంచి పెట్టడం వస్తువును తప్పుగా వాడటం కిందికి వస్తుందట, వారంటీ వర్తించకపోవచ్చట. ఆ ఈమెయిల్ కింద ఎవరి పేరూ లేదు. టీమ్ అని ఉంది. ఆ టీమ్‌లో ఉన్నవాళ్లకు ఇళ్లలో పిల్లలు లేరా?

మీ షోరూముకి కూడా వెళ్లాను. ఇద్దరు పిల్లల్ని వేసుకుని, స్ట్రోలర్ మడిచి ఆటోలో ఇరికించుకుని, ఎండలో వెళ్లాను. అక్కడి కుర్రాడు స్ట్రోలర్ వైపు చూడనైనా చూడలేదు. వెబ్‌సైట్‌లో కొన్నది మాకు సంబంధం లేదు, ఆన్‌లైన్ వేరు, షోరూమ్ వేరు అన్నాడు. షోరూము బోర్డు మీద, వెబ్‌సైట్ మీద, నా బిల్లు మీద ఉన్నది ఒకే పేరు. డబ్బు పుచ్చుకునేటప్పుడు ఒకే కంపెనీ, చూడాల్సి వచ్చినప్పుడు రెండు కంపెనీలు ఎలా అవుతాయి? అక్కడ కూర్చోవడానికి కుర్చీ కూడా ఇవ్వలేదు. బాబుకి పాలు పట్టాలంటే ట్రయల్ కోసం పెట్టిన ఉయ్యాల పక్కన నేల మీద కూర్చుని పట్టాను. పసిపిల్లల సామాను అమ్మే కొట్టు అది!

చివరికి టెక్నీషియన్‌ను పంపుతామన్నారు. ఉదయం నుంచి సాయంత్రం లోపు ఎప్పుడైనా రావచ్చు, ఇంట్లోనే ఉండండి అన్నారు. ఉన్నాం. మా అత్తయ్యగారు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది మానుకుని మరీ పిల్లల్ని చూసుకున్నారు, బెల్లు మోగితే నేను వెంటనే వెళ్లాలని. బెల్లు మోగలేదు. ఇద్దరు పిల్లలూ ఎలాగో ఒకేసారి పడుకున్న వేళ ఫోన్ మోగి ఇద్దరూ లేచారు. చేసింది మీ టెక్నీషియన్. ‘మేడమ్, ఓటీపీ వచ్చింది కదా, చెప్పండి, రేపు తప్పకుండా వస్తా’ అన్నాడు. వచ్చి పని చేశాకే చెబుతానన్నాను. ఫోన్ పెట్టేశాడు. కాసేపటికి మెసేజ్: ‘కస్టమర్ అందుబాటులో లేనందున విజిట్ రద్దు చేయబడింది.’

అందుబాటులో లేనా? పొద్దున్నుంచి గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నదాన్ని నేను. నా మీద అంత పచ్చి అబద్ధం రాసి, దాన్ని మళ్లీ నాకే పంపించారు. బ్రేకు కన్నా ఎక్కువగా నన్ను బాధపెట్టింది ఇదే. మళ్లీ ఫోన్ చేసి ఆ మాట తీసేయమంటే, ‘సిస్టమ్‌లో అలాగే ఉంది మేడమ్’ అంటారు. సిస్టమ్‌లోకి ఆ మాట ఎక్కించింది మీ మనిషి కాదా? దాన్ని సరిదిద్దకపోగా నిన్న ఏకంగా పరిష్కారమైందని రాసేశారు. ఇందాక అడిగింది అందుకే. ఎవరు రాశారు?

మీకు నేను కొత్త కస్టమర్‌ని కాదు. మా పెద్దది పుట్టినప్పుడు కొన్న ఉయ్యాల మీ కంపెనీదే. కారు సీటు మీదే. అన్నం తినిపించే ఎత్తు కుర్చీ మీదే. మా చెల్లి కడుపుతో ఉన్నప్పుడు, ఖరీదు ఎక్కువైనా పర్వాలేదు, పిల్లల విషయంలో రాజీ పడొద్దు, వీళ్ల దగ్గరే కొను అని దగ్గరుండి కొనిపించింది నేను. మా ఆడపడుచుకీ అదే చెప్పాను. మా అపార్ట్‌మెంటులో నా మాట విని మీ సామాను కొన్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఇప్పుడు వాళ్ల ముందు నాకు మొహం చెల్లడం లేదు. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. వాళ్లలో ఒకరి దగ్గర ఇదే మోడల్ స్ట్రోలర్ ఉంది. ఆమెకు నేనే చెప్పి వాడకం ఆపించాను. మిగతా ఊళ్లలో ఉన్న తల్లులకు ఎవరు చెబుతారు? ఇన్నిసార్లు మాట్లాడినా మీలో ఒక్కరైనా, ఈ బ్రేకు ఇంకెవరికైనా ఇలా అయిందేమో చూద్దాం అనలేదు. తల్లిగా నన్ను తొలిచేస్తున్నది ఇదే.

మాట్లాడేవాళ్లు లేరనుకుని మీరు ఇలా చేస్తున్నట్టున్నారు. మా బాబాయి కాకినాడలో లాయరు. ఆయన్ని అడిగి అన్నీ తెలుసుకున్నాను. ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీ ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెల లోపు తేల్చాలి, అందుకోసం ఒక అధికారిని పెట్టి ఆయన వివరాలు వెబ్‌సైట్‌లో చూపించాలని 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. మీ వెబ్‌సైట్‌లో ఆ పేరు కోసం ఎంత వెతికినా నాకు దొరకలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను మీ హెడ్డాఫీసు ఉన్న ఊరు రావక్కర్లేదు, మేముండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. వస్తువు విలువ అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా కట్టక్కర్లేదు. లాయరు లేకుండా నేనే వెళ్లి మాట్లాడుకోవచ్చు. వస్తువు లోపం వల్ల నష్టం జరిగితే తయారీదారే బాధ్యత వహించాలని అదే చట్టంలో ఉంది. ప్రమాదకరమైన వస్తువుల్ని మార్కెట్ నుంచి వెనక్కి రప్పించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉందని కూడా బాబాయి చూపించారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఫిర్యాదు తీసుకుంటారట. మీ దగ్గర దొరకని తెలుగు అక్కడ దొరుకుతుంది.

మీ మెసేజ్‌లన్నీ, ఈమెయిళ్లన్నీ, బియ్యం సంచి వీడియోతో సహా ఒక ఫైల్లో పెట్టుకున్నాను. ఓటీపీ అడిగిన ఫోన్ ఏ నంబరు నుంచి ఎప్పుడు వచ్చిందో అది కూడా అందులో ఉంది.

నాకు కావలసింది పెద్దదేమీ కాదు. ముందుగా నేను ఇంట్లో లేనని, నా ఫిర్యాదు తీరిపోయిందని రాసినవి తప్పని ఒప్పుకుంటూ, సొంత పేరుతో సంతకం పెట్టి ఒకరు నాకు రాయాలి. టీమ్ అని రాస్తే ఒప్పుకోను. ఆ స్ట్రోలర్ తీసుకెళ్లి డబ్బు తిరిగివ్వండి. బాగుచేసి ఇచ్చినా దాన్లో నా పిల్లల్ని మళ్లీ కూర్చోబెట్టే ధైర్యం నాకు లేదు. ఈ మోడల్ కొన్న మిగతావాళ్లకు మీరేం చెప్పబోతున్నారో కూడా నాకు తెలియాలి. అది చెప్పకుండా నా డబ్బు నాకిచ్చి నోరు మూయించాలని చూస్తే మాత్రం కుదరదు. ఈ నెలాఖరులోగా జవాబు రాకపోతే కమిషన్‌లో కేసు వేస్తాను. ఇది బెదిరింపు అనుకుంటే అనుకోండి.

జవాబు ఉత్తరంలో గానీ ఈమెయిల్‌లో గానీ ఇవ్వండి. ఫోన్ చేయాల్సి వస్తే తెలుగు వచ్చినవాళ్ల చేత, ఈ ఉత్తరం మొత్తం చదివినవాళ్ల చేత చేయించండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు వరకు చేయకండి, ఆ వేళ పిల్లలు పడుకుంటారు.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
మీ పాత కస్టమర్

జత చేసినవి: బిల్లు నకలు, మీ మెసేజ్‌ల, ఈమెయిళ్ల ప్రింట్లు, వీడియో ఉన్న పెన్‌డ్రైవ్.