యుద్ధం తెర మీద లేదురా

తెనాలి,
శనివారం రాత్రి

ఒరేయ్ రాఘవా,

మొన్న నేను మాట్లాడుతుండగానే ఫోను నీ మనవడి చేతిలోకి పోయింది. వాడు నాకు రెండు పద్యాలు అప్పజెప్పి పెట్టేశాడు. నా వాదన సగంలో ఆగిపోయింది. అందుకే ఈ కాయితాలు. వీటిని లాక్కోడానికి ఎవడూ రాడు, నువ్వు చదివి తీరాల్సిందే.

"రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో జనం యుద్ధం సినిమాలే ఎగబడి చూసుంటారు" అన్నావు. అమెరికా సంగతైతే నీ మాటలో కొంత నిజముంది, మిసెస్ మినివర్ లాంటివి అక్కడ అలాగే ఆడాయి. మన దగ్గర మాత్రం తలకిందులు. ఇక్కడ యుద్ధం తెర మీద తప్ప అన్నిచోట్లా ఉంది. కిరసనాయిలు దగ్గర, బియ్యం కొట్టు దగ్గర, ఆఖరికి సినిమా తీసే ముడి ఫిల్ము డబ్బాలో కూడా. తెర మీద ఉన్నది మాయల ఫకీరూ, పోతనా.

1942 ఏప్రిల్ 6న జపాను వాళ్ళు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశారు కదా. దాంతో మద్రాసు సగం ఖాళీ అయింది. మన పెద్దవాళ్ళు ఆ ఏడాదిని "ఎవాక్యుయేషన్ ఏడు" అనేవాళ్ళు గుర్తుందా? పెళ్ళిళ్ళూ పుట్టుకలూ కూడా దాన్నిబట్టే చెప్పుకునేవాళ్ళు. మన సినిమా మొత్తం మద్రాసులోనే ఉండేది, స్టూడియోలూ అక్కడే, ఆఫీసులూ అక్కడే. జనం రైళ్ళ మీద వేలాడుతూ ఊళ్ళకి పోతుంటే అక్కడ సెట్టు ఎవడేస్తాడు, మేకప్ ఎవడేస్తాడు? అసలు ఆ ఏడాది సినిమా పరిశ్రమ మూతపడాలి. మూతపడకపోగా ఆ ఏడు చివర్లో "బాలనాగమ్మ" వచ్చింది. నెల తిరక్కుండా 1943 జనవరిలో "భక్త పోతన" వచ్చింది.

బాలనాగమ్మ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఊరి మీద అభిమానం అనుకో. జెమినీ స్టూడియో వాసన్ గారిది. ఆ స్టూడియో ఆయన చేతికెలా వచ్చిందో తెలుసా? కె. సుబ్రహ్మణ్యం గారి స్టూడియో కాలిపోతే వేలంలో పాడుకున్నారు. 86,427 రూపాయల 11 అణాల 9 పైసలు! ఆ తొమ్మిది పైసలంటే నాకెంత ఇష్టమో. జెమినీ అన్న పేరు ఆయన పందెపు గుర్రానిదని కొందరూ, జన్మరాశిదని కొందరూ అంటారు. నేను గుర్రం పక్షం.

దర్శకుడు సి. పుల్లయ్య గారు. కథ మనకి కొత్తది కాదు. జంగం కథలు చెప్పేవాళ్ళు తిరునాళ్ళలో రాత్రంతా చెప్పేదే. బాలనాగమ్మని ఎత్తుకుపోయి, ఆవిడ మొగుణ్ణి రాయిని చేసిన ఫకీరు, వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉండడం, కొడుకు వెళ్ళి దాన్ని పట్టుకోడం. ఊరందరికీ నోటికొచ్చిన కథని తెర మీద చూపిస్తే చూస్తారా అని ఎవరికైనా అనుమానం రావాలి. నోటికొచ్చిన కథ కాబట్టే చూశారు. ఫకీరు ఎలా ఉంటాడో అందరి బుర్రల్లోనూ ఒక బొమ్మ ఉంది, అది సరిపోయిందో లేదో చూసుకోడానికి వెళ్ళారు. సరిపోయింది. ఎందుకంటే ఆ వేషం కట్టింది మన తెనాలి డాక్టరు గోవిందరాజుల సుబ్బారావు గారు. తర్వాత 1955లో కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లుగా మనం చూసి నవ్వుకున్నది ఈయన్నే. మందులిచ్చే డాక్టరు తెర మీద పిల్లల్ని జడిపించాడు. బాలనాగమ్మ కాంచనమాల గారు, ఆవిడా మన తెనాలి వైపు మనిషే. ఫకీరుదీ బాలనాగమ్మదీ ఒకటే ఊరు అని మా నాన్న ఎంత గర్వంగా చెప్పేవాడో, ఏదో ఆయనే సినిమా తీసినట్టు!

కాంచనమాల గారి సంగతి మాత్రం తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. అంత పెద్ద హిట్టు తర్వాత ఆవిడ తెరకి దాదాపు దూరమైపోయారు. మళ్ళీ కనిపించింది 1963లో నర్తనశాలలో, అదీ ఒక చిన్న వేషంలో. మొన్న మళ్ళీ ఆ సినిమా వేసుకుని ఆవిడ కనపడే చోట ఆపి చూశాను. ఎక్కువసేపు చూడలేకపోయాను.

ఇక పోతన. అసలు ఈ రెండు సినిమాలూ ఒకే చలికాలంలో పక్కపక్కన ఆడడమే తమాషా. ఒకటి మంత్రాలూ రాక్షసత్వమూ, ఇంకోటి నాగలి పట్టుకున్న కవి. వాహినీ వాళ్ళది. అంతకుముందు వాళ్ళ సినిమాలు బి.ఎన్. రెడ్డి గారే తీసేవారు. ఇది మాత్రం కె.వి. రెడ్డి గారికి ఇచ్చారు. తాడిపత్రి మనిషి, అప్పటిదాకా కంపెనీలో డబ్బు లెక్కలు చూసుకుంటున్నాడు. క్యాషియరుకి డైరెక్షనా అని ఎవరైనా నవ్వారేమో. నవ్వినవాళ్ళు పాతాళభైరవి, మాయాబజార్ వచ్చేసరికి ఏం చేశారో! నాకనిపిస్తుంది, లెక్కలు రాసినవాడికి కథలో కూడా దుబారా నచ్చదు. ఆయన సినిమాల్లో వృథాగా పోయే సీను వెతికి చూపించు, నీకు టిఫినీ నేను పెట్టిస్తాను.

పోతనగా నాగయ్య గారు. పాటలు సముద్రాల వారివి, సంగీతం నాగయ్య గారిదే. మా పెద్దమ్మ ఆ సినిమా చూసినప్పుడు చెప్పులు హాలు బయటే విడిచి వెళ్ళిందట. ఒక్కతే కాదు, వెనక ఆడవాళ్ళ బెంచీల్లో చాలామంది అలాగే చేశారట. ఆట అయ్యాక ఆవిడ చెప్పులు కనపడలేదు. "పోతన గారి దగ్గరికి పోయి చెప్పులకోసం ఏడవడమేంటి" అని వట్టి కాళ్ళతోనే ఇంటికొచ్చిందట. యుద్ధంలో తోలు కరువు, మళ్ళీ జత కొనడానికి ఏడాది పట్టిందని మాత్రం ప్రతిసారీ చివర్లో కలిపేది. భాగవతాన్ని రాజులకి అమ్మనన్న మనిషి కథ అది. తిండిగింజలు నల్లబజారులో ఎవడు ఎంతకమ్ముతున్నాడో రోజూ చూస్తున్న జనానికి, అమ్మను అన్నవాణ్ణి చూస్తే ఎలా ఉండి ఉంటుందో నువ్వే ఊహించుకో. యుద్ధం తెర మీద లేదన్నాను గానీ, చూసేవాడి కళ్ళల్లో ఉందిలే.

ఇప్పుడు అసలు పాయింటుకొస్తాను. "అప్పట్లో ఒక్కో సినిమా ఏళ్ళ తరబడి ఆడింది కాబట్టి జనానికి అంత పిచ్చి" అంటావు నువ్వు. పిచ్చి ఉంది, కాదనను. కానీ ఇంకో కారణం కూడా ఉంది. హాల్లో మార్చడానికి ఇంకో సినిమా లేదు! ముడి ఫిల్ము ఓడల మీద బయటి దేశాల నుంచి రావాలి. ఓడలు యుద్ధానికి పోయాయి. ప్రభుత్వం రేషను పెట్టింది, 11 వేల అడుగులు దాటి సినిమా తీయకూడదంది. అంటే అటూ ఇటుగా రెండు గంటలు. అంతకుముందు మనవాళ్ళకి మూడు గంటలు ఉంటేగానీ సినిమా తిన్నట్టుండేది కాదు, పాటలు డజన్లకొద్దీ. 1943లో లైసెన్సు పద్ధతి తెచ్చారు, లైసెన్సున్నవాడికే ఫిల్ము. దాంతో లైసెన్సే సరుకైంది, సినిమా తీయడం చేతగానివాడు కూడా దాన్ని పెట్టుకుని బేరమాడాడు. ఏడాదికి వచ్చే తెలుగు సినిమాలు చేతివేళ్ళ మీదికి వచ్చేశాయి. అలాంటప్పుడు ఆడుతున్న సినిమాని హాలువాడు తీస్తే, పెట్టెలో ఏం పెట్టి ఆడిస్తాడు?

మా పెదనాన్న అప్పట్లో డేరా హాల్లో ఆపరేటరుగా చేశాడు కదా. ఆయన మాట ఇంకా చెవిలో ఉంది: "రీలు అరిగిపోయి బాలనాగమ్మ మొహం మీద వానలు పడేవిరా, అయినా నేల టిక్కెట్లు నిండేవి." ప్రొజెక్టరులో దీపం వెలగాలంటే కార్బన్ కడ్డీలు కావాలి. అవీ దొరక్క, ముక్కల్ని కూడా పారెయ్యకుండా చివరంటా కాల్చేవాళ్ళట. ఒక రోజు రెండో ఆట మధ్యలో కార్బన్ అయిపోతే జనం అరగంట చీకట్లో పాటలు పాడుకుంటూ కూర్చున్నారట గానీ, ఒక్కడూ లేచి డబ్బు వాపసడగలేదట. పంట ధరలు పెరిగి కొంతమంది చేతిలో డబ్బాడుతోంది, కొనడానికేమో కొట్టుల్లో సరుకు లేదు. సినిమా టిక్కెట్టు దొరుకుతుంది కదా, అదే కొనుక్కున్నారు.

ఒక్క తెలుగుదే కాదు ఈ వింత. మద్రాసు బ్రాడ్వే హాల్లో 1944 దీపావళికి తమిళ హీరో త్యాగరాజ భాగవతార్ గారి "హరిదాస్" వచ్చింది, మూడు దీపావళులు చూసింది. అందులో చిత్రమేంటంటే, సినిమా వచ్చిన కొద్దివారాలకే భాగవతార్ గారిని లక్ష్మీకాంతన్ హత్య కేసులో జైల్లో పెట్టారు. హీరో జైల్లో, బొమ్మ హాల్లో! ఆయన బయటికి వచ్చేసరికి 1947 అయింది, కేసు ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి కొట్టేశాక. ఇక బొంబాయి టాకీస్ వాళ్ళ "కిస్మత్" సంగతి నీకు తెలిసిందే. 1943లో విడుదల. కలకత్తా రాక్సీలో 187 వారాలు. నేను కష్టపడి లెక్క వేశాను, మూడున్నరేళ్ళు దాటింది. ఆ సినిమాలో ప్రదీప్ గారు "ప్రపంచమా దూరం తొలుగు, హిందుస్తాన్ మాది" అన్న పాట రాశారు. సెన్సారు వాళ్ళకి దొరకలేదు, ఎందుకంటే మధ్యలో జర్మన్ల పేరూ జపాన్ వాళ్ళ పేరూ పెట్టాడు ఆ మహానుభావుడు. ఆంగ్లేయులకి శత్రువులే కదా, మరేమంటారు? హాల్లో కూర్చున్నవాడికి మాత్రం తొలగమన్నది ఎవర్నో తెలిసిపోయింది. రీలు వెనక్కి తిప్పించి మళ్ళీ వేయించుకునేవాళ్ళట.

అదే కలకత్తాలో అదే ఏడు కరువొచ్చి జనం వీధుల్లో పడి చచ్చిపోయారన్నది కూడా మర్చిపోకు. రాక్సీ ముందు క్యూ, ఆ పక్క పేవ్‌మెంటు మీద గంజికోసం చెయ్యి చాచిన మనిషి. ఇది రాస్తుంటే నాకూ మాట రావడం లేదు, దాటి పోతున్నా.

స్వర్గసీమ గురించి చెప్పకపోతే నా మీద నాకే కోపం. 1945 జనవరి. బి.ఎన్. రెడ్డి గారు. ఆ సినిమాకి మాటలు రాసిన చక్రపాణి గారు మళ్ళీ మన తెనాలే. (ఊరి లెక్క మూడు. లెక్కపెట్టుకో.) పౌరాణికం లేదు, మంత్రాల్లేవు. ఇల్లు వదిలి నాటకాల దాని వెంటపడ్డ ఒక సంసారి కథ. భానుమతి గారు రోడ్డు మీద ఆడుకునే సుబ్బి, తర్వాత స్టేజీ సుజాత. ఘంటసాల గారు మొదట నేపథ్యంలో పాడింది ఇందులోనే. ఇక "ఓహోహో పావురమా" అన్న పాట ఉందే, అది భానుమతి గారు హాలీవుడ్ తార రీటా హేవర్త్ సినిమా చూసి వచ్చి పట్టుకున్న బాణీ నుంచి పుట్టిందంటారు. యుద్ధంలో మద్రాసు నిండా పరదేశీ సిపాయిలు, వాళ్ళ కోసం వాళ్ళ సినిమాలు. చూశావా, యుద్ధం ఎక్కడెక్కడి నుంచి దూరిందో! దేశభక్తి ఉపన్యాసంలా రాలేదు, ఒక పావురం పాటలా వచ్చింది. ఇది నా సొంత తీర్మానం, కొట్లాడాలనుకుంటే రా.

అన్నట్టు, 1944 చివర్లో "సీతారామ జననం"తో నాగేశ్వరరావు గారు హీరో అయ్యారు. ఘంటసాల బలరామయ్య గారు ఆయన్ని బెజవాడ స్టేషన్లో చూశారు కదా. ఆ రోజు రైలు పావుగంట ముందు కదిలిపోయుంటే? ఊరికే అనుకుంటాను, నిద్ర పట్టనప్పుడు.

సరే, ఒక పని చెప్తాను. మీ అత్తయ్య గారికి తొంభై దాటాయి, జ్ఞాపకం ఇంకా కత్తిలా ఉందన్నావు. బాలనాగమ్మ ఏ హాల్లో చూశారో, టిక్కెట్టు ఎంతో, ఫకీరు తెర మీదికొస్తే ఎవరి ఒళ్ళో దూరారో అడుగు. మధ్యలో మాట అందించకు, నీకా అలవాటుంది. ఆవిడ ఏం చెబితే అది అలాగే రాసి పంపించు. మా పెద్దమ్మ చెప్పుల కథకి జత చేస్తాను.

మనవడికి నా ముద్దులు. ఈసారి ఫోను లాక్కుంటే పద్యాలు మూడు చెప్పాలని చెప్పు.

నీ
సాంబడు