మూసీ ఒడ్డున జాగ్రఫీ పాఠం

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎస్‌ఏ-1 అయిపోయింది. దిద్దిన పేపర్లు పిల్లల చేతికే ఇచ్చి పంపాం. ఒకసారి చూసి, సంతకం పెట్టి తిప్పి పంపండి. బస్సు రూట్ల మార్పు, చలికాలం టైమింగ్స్ వెనక పేజీలో ఉన్నాయి. ఈ నెల ఉత్తరం మాత్రం మొత్తం జాగ్రఫీ గురించే.

మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి కాస్త మొహమాటపడుతూనే అడిగారు: "మేడం, మ్యాథ్స్, సైన్స్ సరే. ఈ నదులు, పర్వతాలు, రాజధానులు బట్టీ పట్టి మా వాడేం చేస్తాడు? ఫోన్‌లో కొడితే వస్తాయి కదా?" పక్కనున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు కానీ, వాళ్ల మనసులో ఉన్నదీ అదేనని నాకు తెలుసు. బట్టీ పట్టించేటట్టయితే ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. రాజధానులు ఫోన్‌లో వస్తాయి. ఫలానా ఊరు అక్కడే ఎందుకు పుట్టింది, వాన ఇక్కడ పడితే ఆ పక్క వీధి ఎందుకు మునిగింది, మా బోరులో లేని నీళ్లు మీ బోరులో ఎలా వచ్చాయి అన్నవి మాత్రం ముందు అడగడం రావాలి. భూగోళశాస్త్రంలో ఎన్ని శాఖలున్నా అన్నీ ఈ ఒక్క ప్రశ్న నుంచి పుట్టినవే: ఇది ఇక్కడే ఎందుకుంది?

పాఠ్యపుస్తకాలు ఈ శాస్త్రాన్ని రెండు పెద్ద భాగాలు చేస్తాయి. నేల, నీరు, గాలి, చెట్టూచేమల గురించి చెప్పేది భౌతిక భూగోళశాస్త్రం. మనుషులు, ఊళ్లు, పంటలు, వ్యాపారాలు, సరిహద్దుల గురించి చెప్పేది మానవ భూగోళశాస్త్రం. ఈ రెంటికీ పనికొచ్చే పటాల తయారీ, ఉపగ్రహ చిత్రాలు, జీఐఎస్ (కంప్యూటర్లో పటం మీద సమాచారం పేర్చి చూసే పద్ధతి) లాంటివి మూడో వైపు. ఒక్కోదాని కింద మళ్లీ డజను ఉపశాఖలు. వాటి పేర్లు బోర్డు మీద రాసి కాపీ చేయించడానికి ఒక్క పీరియడ్ చాలు. మా సోషల్ టీచర్లతో కూర్చుని మాట్లాడుకున్నాక ఈసారి అలా వద్దనుకున్నాం. తొమ్మిదో తరగతి వాళ్లకు పేర్ల బదులు ఒక నదిని ఇచ్చాం. మన బడికి దగ్గర్లోనే ముక్కు మూసుకుని దాటే మూసీ.

అది పుట్టింది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో. చాలామంది వీకెండ్‌లో వెళ్లే ఉంటారు. ఆ కొండల్లో ఒక వాలున పడిన వాన మూసీ అవుతుంది. మరో వాలున పడింది కాగ్నా నది పట్టుకుని, తాండూరు మీదుగా భీమలోకి, అక్కడి నుంచి కృష్ణలోకి పోతుంది. జూరాల, శ్రీశైలం, నాగార్జున సాగర్ దాటి వచ్చాక నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర మూసీ వచ్చి ఆ నీళ్లలో కలుస్తుంది. ఒకే కొండ మీద పడ్డ రెండు చినుకులు అంత చుట్టు తిరిగి మళ్లీ కలుసుకోవడం పటం మీద వేలు పెట్టి చూపించినప్పుడు, క్లాసులో ఎప్పుడూ వెనక బెంచీ వదలని పిల్లలు కూడా లేచి ముందుకొచ్చారు. నదీ పరీవాహకం అంటే ఏమిటో డెఫినిషన్ చెప్పే అవసరం రాలేదు.

నేల రూపురేఖలను చదివేది భూస్వరూప శాస్త్రం. దానికి హైదరాబాద్‌ను మించిన ఊరు దొరకదని నా అభిప్రాయం. మౌలాలి, గోల్కొండ వైపు ఎవరో పేర్చినట్టుండే బండలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. ఆ రాతిలో నిలువుగా, అడ్డంగా పగుళ్లుంటాయి. నీరు ఆ పగుళ్ల వెంట దిగి మూలలను కొంచెం కొంచెంగా పిండి చేస్తుంది. మధ్యలో గుండ్రటి గట్టి బండ మిగులుతుంది. చుట్టూ ఉన్న మెత్తటి మట్టి వానలకు కొట్టుకుపోతే బండ మీద బండ నిలుస్తుంది. మన కాలనీల కోసం వాటిలో ఎన్నింటిని పేల్చేశామో లెక్కే లేదు. అది వేరే ఉత్తరం.

ఆ గ్రానైట్ లోపలి సంగతి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లకు నాకంటే బాగా తెలుసు. ఒక ఇంట్లో 300 అడుగులకే నీళ్లు పడతాయి. గోడ అవతల 900 అడుగులు దించినా దుమ్మే లేస్తుంది. ఇసుక నేలలో లాగా గ్రానైట్‌లో నీరు అంతటా పరుచుకుని ఉండదు, పగుళ్లలోనే ఉంటుంది. బోరు పగులుకు తగిలితే నీళ్లు, లేకపోతే అప్పు. నీరు ఎక్కడ ఉంటుంది, ఎటు పోతుంది అన్నది చదివేది జల శాస్త్రం. ఆ చదువు లేకుండానే మన పెద్దలు దాన్ని ఆచరణలో చూపించారు. కాకతీయుల కాలం నుంచీ ఈ ప్రాంతంలో గొలుసుకట్టు చెరువులు కట్టారు. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువులోకి వెళ్లేది.

1908 సెప్టెంబరు 28న ఆ గొలుసు తెగింది. ఎగువన కుండపోతగా వాన కురిసింది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తీస్తే, నగరానికి పైన మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయి. వాటిలో 221 తెగాయి. పై చెరువు తెగిన నీరు కింది చెరువు కట్టను తోసేసింది, అది దాని కింది దాన్ని. 15 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇంకా ఉంది. వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహా మీదే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో వచ్చాయి. వీటిని తాగునీటి కోసమే కట్టారనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాటి అసలు పని వరదను ఆపడం.

ఈ ఒక్క సంఘటనలో ఎన్ని శాఖలున్నాయో చూడండి. అంత వాన ఎందుకు పడిందో శీతోష్ణస్థితి శాస్త్రం చెప్పాలి. చెరువులు వరసగా ఎలా తెగాయో జల శాస్త్రం చెప్పాలి. అంతమంది నదిని ఆనుకునే ఎందుకు ఇళ్లు కట్టుకున్నారో ఆవాసాల భూగోళం చెప్పాలి. ఈ చివరి ప్రశ్నకు పిల్లలు 1578 దాకా వెనక్కి వెళ్లారు. అప్పుడు పురానాపూల్ కట్టారు. గోల్కొండ కోట కిక్కిరిసి, నీళ్లకు కటకట అయ్యాక 1591లో నదికి దక్షిణాన చార్మినార్ చుట్టూ కొత్త నగరం మొదలైంది. వంతెన ముందు, ఊరు తర్వాత. మరి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన వెంచర్లు ఎలా వచ్చాయంటారని ఒక అమ్మాయి అడిగింది. నాకు ఆ రోజు జీతం గిట్టుబాటైంది.

2020 అక్టోబరు వరద మీలో చాలామందికి గుర్తుంది. 13వ తేదీ పొద్దున తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. ఆ సాయంత్రం, రాత్రి మన కాలనీల్లో కార్లు తేలాయి. సముద్రం మనకు వందల కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి మనకేం సంబంధం అనుకోలేం. నిజానికి దేశానికి సునామీ హెచ్చరికలు వెళ్లేది హైదరాబాద్ నుంచే. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఆ పని చేస్తోంది. చేపలు ఎటు వైపు దొరికే అవకాశం ఉందో ఉపగ్రహాల సాయంతో మత్స్యకారులకు చెప్పేదీ వాళ్లే. సముద్రం లేని ఊళ్లో సముద్ర శాస్త్రం! పిల్లలకు ఇది బాగా నచ్చింది.

మట్టి గురించి క్లుప్తంగా. గ్రానైట్ అరిగిన చోట ఎర్ర చెలక నేలలు. తాండూరు వైపు వెళ్తే నల్లరేగడి, కింద సున్నపురాయి. మనం ఇళ్లలో పరిచే తాండూరు బండలు అక్కడివే. 2022లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకన్న ముద్ర) వచ్చిన తాండూరు కందిపప్పు రుచికి కూడా ఆ నేలే కారణమంటారు. మొక్కలు, జంతువులు ఎక్కడ ఎందుకు ఉంటాయో చూసేది జీవ భూగోళశాస్త్రం. చెరువుల మీద పచ్చగా పరుచుకునే గుర్రపుడెక్క మన మొక్క కాదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. మురుగులోని పోషకాలు తిని పెరుగుతుంది. అది కనపడిందంటే ఆ నీళ్లలోకి డ్రైనేజీ కలుస్తోందని అనుమానించమని పిల్లలకు చెప్పాం.

ఇక మనుషుల వైపు. పీర్జాదిగూడ, పర్వతాపూర్ వైపు మూసీ ఒడ్డున ఏపుగా పెరిగే గడ్డి చూసే ఉంటారు. దూరం నుంచి వరి అనిపిస్తుంది. అది పశువుల మేత, పారాగడ్డి. నగరం వాడి వదిలేసిన నీళ్లతో ఎండాకాలంలో కూడా పెరుగుతుంది. కోసి, మోపులు కట్టి నగరంలో బర్రెలు సాకేవాళ్లకు అమ్ముతారు. ఆ పాలు మళ్లీ మన వీధుల్లోకే వస్తాయి. ఇంకా కిందికి పోతే కత్వలు (నదికి అడ్డంగా చిన్న ఆనకట్టలు) కట్టి, కాలువలు తీసి వరి పండిస్తారు. మురుగునీరు ఒకరికి కంపు, ఒకరికి కూలి, మరొకరికి పెట్టుబడి లేని ఎరువు. ఎవరు ఏం పండిస్తారు, ఎక్కడ అమ్ముతారు అన్నది ఆర్థిక భూగోళం. ఆ పంటలోకి, పాలలోకి ఏమేం చేరుతున్నాయన్నది వైద్య భూగోళం. నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్‌తో కాళ్లు వంకరపోయిన వాళ్ల ఫొటోలు చూడని వాళ్లుండరు. అక్కడి రాతిలోని ఫ్లోరైడే భూగర్భజలంలోకి దిగింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. పటిక, సున్నంతో ఆ నీటిని బాగుచేసే పద్ధతిని ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. రాయి గురించి చదివితే రోగం అర్థమవుతుందని పదో తరగతి సైన్స్ టీచర్ కూడా ఒప్పుకున్నారు.

రాజకీయ భూగోళం గురించి వార్తాలేఖలో ఎక్కువ రాస్తే గొడవే. కృష్ణా నీళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు నదీజలాల పంపకానికి వేసిన బచావత్ ట్రిబ్యునల్ 811 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) కేటాయించింది. వాటి పంపకం మీద రెండు రాష్ట్రాల మధ్య మాటలు నడుస్తూనే ఉన్నాయి. టీఎంసీ అంటే ఎంతో పిల్లలకు లెక్క కట్టించాం, అక్కడితో ఆపాం.

పటాలకు మాత్రం ఎక్కువ టైమ్ ఇస్తున్నాం. 1908 వరద తర్వాత లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని సర్వే చేసి గీసిన పటాల్లో ఇళ్లు, సందులు, బావులు వివరంగా కనిపిస్తాయి. ఇటు చూస్తే ఉపగ్రహ చిత్రాలు అందించే సంస్థ ఎన్ఆర్‌ఎస్‌సీ బాలానగర్‌లో, దాని యాంటెన్నాలు షాద్‌నగర్‌లో. వాళ్ల భువన్ పోర్టల్‌లో ఉపగ్రహ చిత్రాలు ఎవరైనా చూడొచ్చు. పిల్లలు పాత టోపోషీట్‌ను, ఇప్పటి చిత్రాన్ని పక్కపక్కన పెట్టి మన పరిసరాల్లో నాలాలు, చెరువులు ఎక్కడెక్కడ ఉండేవో గీస్తున్నారు. ఎవరి అపార్ట్‌మెంట్ అయినా పాత చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే నేలలో) తేలితే దయచేసి మా మీదికి రావొద్దు. పటం మేం గీసింది కాదు.

చదువుల గురించి అడిగేవాళ్ల కోసం: జీఐఎస్, రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాలతో నేలను గమనించడం) తెలిసిన వాళ్ల అవసరం వ్యవసాయం నుంచి బీమా దాకా ఉంది. ఉస్మానియాలో జాగ్రఫీ ఉంది, డెహ్రాడూన్‌లో రిమోట్ సెన్సింగ్ నేర్పే ఐఐఆర్ఎస్ ఉంది, సివిల్స్‌లో జాగ్రఫీ ఆప్షనల్ తీసుకునేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే. కానీ తొమ్మిదో తరగతి పిల్లాడికి ఇప్పుడే కెరీర్ టెన్షన్ పెట్టకండి.

మీ నుంచి కావలసినవి కొన్ని. మీ ఇంటి బోరు ఎన్ని అడుగులో, ఏ ఏడాది వేశారో, ఎండాకాలంలో నీళ్లుంటాయో లేదో చీటీ మీద రాసి పంపండి. ఇంట్లో తాతయ్య, అమ్మమ్మ ఉంటే 2000 ఆగస్టు వాన గురించి, మూసీలో తాము చూసిన నీళ్ల గురించి పిల్లలకు చెప్పమనండి. ఫోన్‌లో రికార్డు చేస్తే ఇంకా మంచిది. రెడీమేడ్ చార్టులు, థర్మకోల్ అగ్నిపర్వతాలు ఈ ఏడాది తీసుకోం. ముఖ్యంగా తల్లిదండ్రులు రాత్రంతా మేలుకుని చేసినవి.

డిసెంబరు రెండో శనివారం తొమ్మిదో తరగతిని బాపూఘాట్‌కు, మూసీ, ఈసీ కలిసే చోటికి తీసుకెళ్తున్నాం. అక్కడి నుంచి నది వెంట పురానాపూల్ దాకా. అనుమతి పత్రం దీనితో జత చేశాం, సోమవారం లోపు క్లాస్ టీచర్‌కు అందాలి. బూట్లు, నీళ్ల సీసా, టోపీ తప్పనిసరి. ఎవరూ నీళ్లలోకి దిగరు. ఆస్తమా ఉన్న పిల్లల సంగతి ముందే చెప్పండి, వాసన గట్టిగానే ఉంటుంది. తోడుగా రాగలిగిన తల్లిదండ్రులు నలుగురైదుగురు కావాలి. మీటింగ్‌లో ఆ ప్రశ్న అడిగిన తండ్రిగారికి ఒక సీటు ఇప్పటికే పక్కన పెట్టాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు