మిద్దె డబ్బు మిద్దెకు ముందే ఇవ్వండి

గౌరవనీయులైన కర్ణాటక గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి,

కోలారు, చిక్కబళ్ళాపురం పల్లెల్లో మొదటిసారి సొంతిల్లు కట్టుకునేవాళ్ళ పనులు చేసే తెలుగు ఇంజినీర్లం, బేల్దారులం బెంగళూరు నుంచి రాస్తున్నాం.

రాజీవ్ గాంధీ గ్రామీణ గృహనిర్మాణ సంస్థ పథకాల్లో పునాది, లింటెల్ (తలుపులు, కిటికీల పైన వేసే దూలం మట్టం), మిద్దె (పైకప్పు స్లాబు), పూర్తయిన ఇల్లు అని నాలుగు దశలు. పని అయ్యాకే ఫొటో, ఫొటో ఎక్కాకే డబ్బు. పునాదికి, గోడలకు ఈ పద్ధతి ఎలాగో నడుస్తుంది. రాళ్ళు ఇవాళ కొన్ని, రేపు కొన్ని తోలుకోవచ్చు. ఇంటిల్లిపాదీ మట్టి మోయొచ్చు. మిద్దె అలా కాదు, ఒక్కరోజులో పడాలి.

లెక్క చూడండి. 25 చదరపు మీటర్ల ఇంటికి గోడల మందం, చజ్జాలు కలిపి స్లాబు సుమారు 30 చదరపు మీటర్లు. 5 అంగుళాల మందం వేస్తే సుమారు 3.8 ఘనమీటర్ల కాంక్రీటు. ఎం20 అనే బలం రకం కాంక్రీటు పాళ్ళలో దానికి 30 బస్తాల సిమెంటు, దాదాపు 300 కిలోల ఇనుప కంబి, ఎం-శాండ్ (రాయి పిండి చేసిన ఇసుక), 20 ఎంఎం జల్లి (కంకర), సెంట్రింగ్ బాడుగ, మిక్సరు, ఆ రోజు కూలీలు. ఇంత డబ్బు ఒకేసారి చేతిలో లేకే ఇళ్ళు లింటెల్ దగ్గర ఆగుతున్నాయి. అప్పు చేసి సగం పోసి, మిగతాది వారం తర్వాత పోస్తే అతుకులోంచి నీళ్ళు దిగుతాయి. ఆగిన గోడలు సెప్టెంబరు, అక్టోబరు వానలకు నానుతాయి. ముందే కొని పెట్టిన సిమెంటు మూడు నెలలు దాటితే బలం తగ్గుతుంది.

అందుకని మిద్దె వాటాను రెండు చేయండి. లింటెల్ ఫొటోతోనే సగం, కంబికీ సెంట్రింగుకూ. కంబి అల్లిన ఫొటోకు మిగతా సగం. డబ్బు తీసుకుని మిద్దె వేయకపోతే అన్న అనుమానం అధికారులకు సహజమే. 300 కిలోల కంబిని సెంట్రింగ్ రేకుల మీద పరిచినవాడు దాన్ని వదిలి ఎక్కడికి పోతాడు? తనిఖీకీ అదే అదను. కడ్డీల ఎడం 6 అంగుళాలుందా, కంబిని రేకుకు ఎడంగా ఎత్తిపెట్టే 20 ఎంఎం కవర్ బ్లాకులు కింద పెట్టారా అన్నది కాంక్రీటు పడ్డాక ఎవరికీ కనిపించదు. ఇప్పుడు ఫొటో తీస్తున్నది ఆరిపోయిన మిద్దెకు! అయితే ఆమోదం మూడు రోజుల్లో రావాలి. ఆలస్యమైతే రేకుల బాడుగ పెరుగుతుంది, వాన పడితే కంబి తుప్పెక్కుతుంది.

గోడల ఖర్చు తగ్గించే దారి బెంగళూరులోనే ఉంది. భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో మొదలైన ‘అస్త్ర’ కేంద్రం సిమెంటు కలిపి అచ్చొత్తిన మట్టి దిమ్మెల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. 7 శాతం సిమెంటు చాలు. బంకమట్టి ఎక్కువుంటే ఇసుక కలపాలి, మూడు వారాలు తడపాలి. తడపడం మానేసి, దిమ్మెలు అరిగాయని పద్ధతిని తిట్టడం న్యాయం కాదు.

ఇక కాగితాలు. స్థలం తాత పేరు మీదే ఉండిపోతే మనవడి పేరున ఈ-స్వత్తు (పంచాయతీ ఆన్‌లైన్ ఆస్తి రికార్డు) పత్రాలు రావు. అవి లేకపోతే తక్కువ పడిన మొత్తానికి బ్యాంకులు సాధారణంగా అప్పివ్వవు. లబ్ధిదారుల్ని ఎంచే గ్రామసభ రోజే పీడీఓ (పంచాయతీ అభివృద్ధి అధికారి) వారసుల పేరున ఆస్తి ఖాతా మార్పు దరఖాస్తులు తీసుకుంటే, గోడలు లేచేలోపు ఆ కాగితం చేతికందే వీలుంటుంది.

ఇట్లు,
బెంగళూరులోని తెలుగు ఇంజినీర్లు, బేల్దారులు