రెండు క్రెడిట్ల కోసం మా బిడ్డకు ఏడాది పోయింది

సంపాదకులకు నమస్కారం.

మాది వరంగల్ కొత్తవాడ. ఇంట్లో దర్రీల మగ్గం ఉంది. మా ఆయన నేస్తారు, నేను కండెలు చుడతాను. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. మా పెద్దబిడ్డ ఈ వేసవిలో బీఎస్సీ ఆరో సెమిస్టర్ రాసింది. మా ఇంట్లో, మా అత్తగారింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల తనే. రాసిన ప్రతి పేపరూ పాసైంది. అయినా డిగ్రీ చేతికి రాలేదు.

పాసైన ప్రతి పేపరుకూ కొన్ని క్రెడిట్లని లెక్కలో పడతాయి, అన్నీ కలిపి సరిపోతేనే డిగ్రీ ఇస్తారు. ఆఫీసులో అడిగితే రెండు క్రెడిట్లు తక్కువ పడ్డాయన్నారు. "ఏ సబ్జెక్ట్ పోయింది సార్?" అని అడిగింది మా బిడ్డ. "పోలేదమ్మా, నువ్వసలు రాయనే లేదు" అన్నారు. తను అక్కడే కుర్చీలో కూలబడింది.

జరిగింది ఇదీ. డిగ్రీ రెండో సంవత్సరంలో స్కిల్ పేపర్లని ఉంటాయి, ఒక్కోదానికి రెండు క్రెడిట్లు. మూడో సెమిస్టర్‌లో వాళ్ల కాలేజీలో ఒకదానికి లెక్చరర్ లేరు, క్లాసులు నాలుగైదు కూడా జరగలేదు. పరీక్ష ఫీజు కట్టే చివరి రోజు పిల్లలంతా ఇంటర్నెట్ సెంటర్ ముందు లైన్ కట్టారు. ఆ హడావుడిలో ఆ ఒక్క పేపరు దగ్గర టిక్ పడలేదు. హాల్‌టికెట్‌లో అది రాలేదు. క్లాసే జరగని పేపరు కాబట్టి ఎత్తేశారేమో అనుకుంది పిల్ల. ఆ సెమిస్టర్ మెమోలో రాసినవన్నీ పాస్ అనే ఉంది. ఇంకేం అనుమానం వస్తుంది?

ఆ హాల్‌టికెట్ ఇంకా మా దగ్గరే ఉంది. మొన్న రాత్రి దాన్ని తన స్నేహితురాలి హాల్‌టికెట్ పక్కన పెట్టి చూశాం. అందులోని ఇంగ్లీషు పేర్లు నాకు తెలియవు, కానీ వరుసలు లెక్కపెట్టడం తెలుసు. వేలు పెట్టి లెక్కపెట్టాను. మా బిడ్డ కాగితంలో ఒక వరుస తక్కువ. మగ్గం మీద పడుగులో పోగు తెగితే అప్పుడే ఆపి అతుకుతాం. జానెడు నేశాక చూసుకుంటే అదంతా విప్పాల్సిందే. నేను అర నిమిషంలో పట్టుకున్న ఆ తేడాను నాలుగు, ఐదు, ఆరు సెమిస్టర్లు గడిచేదాకా ఎవరూ చూడలేదు.

తను టీచర్ చదువు బీఈడీలో చేరడానికి పెట్టే ఎడ్‌సెట్ పరీక్ష రాసి మంచి ర్యాంకు తెచ్చుకుంది. బీఈడీలో చేరాలంటే డిగ్రీ పాసై ఉండాలి. మిగిలిపోయింది మూడో సెమిస్టర్ పేపరు కాబట్టి మళ్లీ ఆ సెమిస్టర్ పరీక్షలు పెట్టే చలికాలం దాకా ఆగాలి. అప్పటికి సీట్లన్నీ నిండిపోతాయి. ఆ ర్యాంకు కార్డును పుస్తకంలో పెట్టి మూసేసింది.

కాలేజీ పేరు నేను రాయను. అక్కడి సార్లు మంచివాళ్లే, ఫీజు కట్టలేనప్పుడు గడువు ఇచ్చారు. నా బాధంతా పద్ధతి గురించే. ఇంటర్ అయిన పిల్లలు డిగ్రీలో చేరడానికి 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి ఉంది. విడతలు, ఆప్షన్లు, సాయం చేయడానికి హెల్ప్‌లైన్ కేంద్రాలు, అన్నీ ఉన్నాయి. మా బిడ్డకు సీటు వచ్చిందీ అట్లాగే. చేరిన తర్వాత మాత్రం ఏ సెమిస్టర్‌లో ఏ పేపర్లు ఉంటాయి, వాటిలో తప్పనిసరివి ఏవి, ఎంచుకునేవి ఏవి, మొత్తం ఎన్ని క్రెడిట్లు కావాలి అని కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. వారానికి ఒక గంట పాఠం సెమిస్టరంతా వింటే ఒక క్రెడిట్ అని, ల్యాబ్ అయితే రెండు గంటలకు ఒకటని నాకు మొన్ననే తెలిసింది. ఫోన్‌లో క్రెడిట్ల బ్యాంకు ఖాతా కూడా తెరిపించారు. సంపాదించిన క్రెడిట్లు దాచడానికే అది. ఇంకా ఏది మిగిలిందో పిల్లకు ఎవరు చెప్పాలి?

పేపర్ల ఎంపిక కూడా చిన్న విషయం కాదు. చాలా ఎమ్మెస్సీ కోర్సులకు డిగ్రీలో ఆ సబ్జెక్ట్ చదివి ఉండాలి. పక్కవాళ్లు తీసుకున్నారని తీసుకుంటే మూడేళ్ల తర్వాత తెలుస్తుంది దాని నష్టం.

మీ పత్రిక ద్వారా యూనివర్సిటీ పెద్దలను, కాలేజీ ప్రిన్సిపాళ్లను వేడుకుంటున్నాను. ప్రతి సెమిస్టర్‌లో పరీక్ష ఫీజు నోటిఫికేషన్‌తోపాటు ఒక్కో విద్యార్థికి ఒక కాగితం ఇవ్వండి. ఇప్పటిదాకా వచ్చిన క్రెడిట్లు, ఈసారి రాయాల్సిన పేపర్లు, పాతవి మిగిలి ఉంటే అవి, అన్నీ తెలుగులో ఉండాలి. దాని మీద క్లాస్ టీచర్ సంతకం, అమ్మానాన్నల సంతకం తీసుకోండి. నాలాంటి తల్లులు సబ్జెక్ట్ చెప్పలేకపోవచ్చు, వరుసలు మాత్రం లెక్కపెడతారు. ఐదో సెమిస్టర్ మొదట్లో ఒక రోజు కేటాయించి మొదటి నుంచీ లెక్క సరిచూస్తే ఇంకా మంచిది. ఏదైనా తప్పిపోయి ఉంటే డిగ్రీ అయ్యేలోపే రాసుకోవడానికి పిల్లలకు సమయం దొరుకుతుంది.

మా చిన్నోడు ఈ ఏడు డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరాడు. వాళ్లక్క ఆరు సెమిస్టర్ల పేపర్లన్నీ ఒక చార్టు మీద రాసి, మగ్గం ఎదుటి గోడకు అంటించింది. పాసైన పేపరు పక్కన టిక్ పెట్టడానికి పెన్ను దారంతో కట్టి వేలాడదీసింది. ఇట్లా చార్టు రాసిపెట్టే అక్క ప్రతి ఇంట్లో ఉండదు కదా. ఈసారి పరీక్ష ఫీజు గడువు రాకముందే కాలేజీలు ఆ కాగితం ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక డిగ్రీ విద్యార్థిని తల్లి,
కొత్తవాడ, వరంగల్