శనివారం పులిసిన పిండి గురించి

మన పిండి దుకాణం కస్టమర్లందరికీ నమస్కారం, వందనాలు.

పోయిన శనివారం సాయంత్రం మా దగ్గర ఇడ్లీ పిండి తీసుకెళ్లినవాళ్లలో చాలామందికి ఆదివారం టిఫిన్ పాడైంది. కవర్లు ఉబ్బిపోయాయి, విప్పితే పుల్లటి వాసన. తప్పు ఎండలదీ కాదు, మినపగుళ్లదీ కాదు. నాదే.

ఫ్రిజ్ కంప్రెసర్ పది రోజులుగా చప్పుడు చేస్తోంది. కాసేపు ఆగడం, గురక పెట్టినట్టు మళ్లీ మొదలుపెట్టడం. మెకానిక్‌ని పిలిస్తే ఏడెనిమిది వేలు తప్పవు. అప్పటికి అద్దె కూడా కట్టలేదు. అందుకని రోజూ రాత్రి కుటుంబ ప్రార్థనలో "ప్రభువా, ఈ ఫ్రిజ్‌ని నీ చేతుల్లో పెడుతున్నాం" అని చెప్పి పడుకునేవాణ్ణి. మా ఆవిడ ఒకరోజు అననే అంది, "మీరు మోకాళ్ల మీద ఉన్నంతసేపూ అది మొత్తుకుంటూనే ఉంది, వినబడలేదా?" అని. వినబడింది. అవిశ్వాసపు మాటలు మాట్లాడకని కసిరాను కూడా.

ఆదివారం చర్చికి వెళ్తాం, దుకాణం మూస్తాం. అందుకే శనివారం రెండింతలు రుబ్బుతాం. ఈ పద్ధతి నేను మన్నా కథలోంచి తీసుకున్నదే. తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. ఐగుప్తు (ఈజిప్టు) నుంచి బయటపడ్డ ఇశ్రాయేలీయులకి అరణ్యంలో దేవుడు రోజూ పొద్దున్నే మన్నా అనే ఆహారం కురిపించేవాడు. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, దాచుకుంటే పురుగుపట్టి కంపు కొట్టేది. ఆరో రోజు మాత్రం రెండింతలు ఏరుకోవచ్చు, విశ్రాంతి దినానికి ఉంచినా చెడేది కాదు. (దాన్ని తిరగలిలో విసిరి, రోట్లో దంచి రొట్టెలు చేసుకునేవాళ్లట. ఒక రకంగా మా వృత్తివాళ్లే.)

కాకపోతే మన్నాకి ఫ్రిజ్ అక్కర్లేదు, మన పిండికి కావాలి. ఈ ఎండలకి పిండి ఏడెనిమిది గంటల్లో పొంగుతుంది. ఆ పొంగుని అక్కడ ఆపేది ఫ్రిజ్‌లోని 4 డిగ్రీల చల్లదనమే. శనివారం మధ్యాహ్నం కంప్రెసర్ పూర్తిగా ఆగిపోయింది. నేను చూసుకునేసరికి నాలుగైంది. ఒక కవరు విప్పి వాసన చూశాను. పులిసింది. "కాస్తే కదా, దోశలకి పనికొస్తుందిలే" అనుకుని అమ్మేశాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి రెండుసార్లు ఫోన్ పక్కన పెట్టాను.

సోమవారం ఒక పెద్దావిడ కవరు తెచ్చి కౌంటర్ మీద పెట్టి, "వాసన చూడు బాబూ" అంది. తిట్టలేదు. "నువ్వు దేవుణ్ణి నమ్ముకుని ఆదివారం మూస్తావు. మేం నిన్ను నమ్ముకుని శనివారం పప్పు నానబోయడం మానేశాం" అంది.

రెండు రోజులు ఆ మాటే చెవుల్లో తిరిగింది. నేను విశ్వాసం అనుకున్నది, ఎనిమిది వేలు మిగులుతాయేమోనన్న ఆశ. సైతాను దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారులే అంటే యేసుప్రభువు దూకలేదు. నేను దూకాను, మిమ్మల్ని కూడా లాక్కుని దూకాను.

మాది మెదక్ వైపు. అక్కడి పెద్ద చర్చి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయింది. కరువు రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొర ఆ కట్టుబడి పని ఇచ్చి జనానికి తిండి పెట్టిన సంగతి మా నానమ్మ ఎప్పుడూ చెప్పేది. "ప్రార్థన జేస్కుంటనే రాళ్లు మోసిండ్రు బిడ్డా" అనేది. చిన్నప్పుడు ఊ కొట్టి వదిలేశాను.

ఇక కొందరు ఈ గొడవలోనే, "ఆదివారం తెరిస్తే శనివారం ఇంత పిండి నిలవ పెట్టే బాధ ఉండదు కదా" అన్నారు. ఆ మాట నిజమే, పిండికి గిరాకీ ఉండేది కూడా ఆదివారమే. అయినా తెరవను. ఈ విషయంలో మాత్రం దేవుడి మీద నా నమ్మకం డబ్బు మిగుల్చుకోవడానికి కాదు, పోగొట్టుకోవడానికే. పదకొండేళ్లుగా ఆదివారం మూసినందుకు అద్దె ఎగ్గొట్టాల్సి రాలేదు. ఆలస్యం మాత్రం చాలాసార్లు అయింది.

చిట్టీ పాడి మంగళవారం కంప్రెసర్ మార్పించాను. శనివారం పిండి కొన్నవాళ్లు డబ్బులు తీసుకోండి, లేదా కొత్త ప్యాకెట్ తీసుకోండి. పాత కవరు చూపించక్కర్లేదు, మీ మాట చాలు. ఫ్రిజ్ తలుపు మీద, మీ వైపుకి కనబడేలా ఒక థర్మామీటర్ అంటించాను. అది 4 దాటితే వెంటనే నన్ను పిలవండి. ప్రార్థనలో ఉన్నా సరే.