వార్షిక నివేదిక: మూట ముందే జారిపోయిన కథ

పఠన సంఘం సభ్యులందరికీ వందనాలు.

గత ఏప్రిల్‌లో మొదలై ఈ మార్చితో ముగిసిన ఏడాదికి కార్యదర్శిగా నేను సమర్పిస్తున్న నివేదిక ఇది. కిందటి సర్వసభ్య సమావేశంలో అనుకున్నట్టే ఈ ఏడాది క్రైస్తవ కథలను కథలుగా చదివాం. ఇందులో నీతి ఏమిటి అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఈ సంఘటన ఇక్కడే ఎందుకు వచ్చింది, ఈ పోలికే ఎందుకు వాడాడు అని అడగడం అలవాటు చేసుకున్నాం. కూడికలన్నీ నెలకో శనివారం సాయంత్రం సన్‌డే స్కూల్ గదిలో జరిగాయి. పిల్లల కుర్చీల్లో కూర్చుని నడుములు పట్టేసినవారు క్షమించాలి. పెద్ద కుర్చీల సంగతి పాస్టరు అయ్యగారి చెవిన వేశాం.

మొదటి రెండు కూడికలు బాగా జరగలేదని ఒప్పుకోవాలి. బోర్డు మీద ఉపమ, రూపకం, అతిశయోక్తి, లక్షణ అని వరసగా రాసి నిర్వచనాలు అప్పజెప్పుకున్నాం. పదో తరగతి పరీక్షకు చదివినట్టుంది. రెండో నెలకు సగం మంది రాలేదు. ఆ ప్రణాళిక రాసింది నేనే కాబట్టి తప్పు కూడా నాదే. మన సభ్యుల్లో ఒకరైన రిటైర్డ్ తెలుగు టీచరమ్మ ఆ బోర్డు తుడిచేసి, అందరినీ కీర్తనలు తెరవమన్నారు. మొదటి కీర్తనలో నీతిమంతుడు 'చెట్టువలె నుండును'. ఇరవై మూడో కీర్తనలో 'యెహోవా నా కాపరి'. "మొదటిదాంట్లో 'వలె' ఉంది, రెండోదాంట్లో లేదు. కాపరిలాంటివాడు అనలేదు, కాపరే అన్నాడు. ఉపమకీ రూపకానికీ అంతే తేడా" అన్నారావిడ. నేను రెండు నెలలు చెప్పలేనిది రెండు నిమిషాల్లో అయిపోయింది.

మూడో నెల నాతాను ప్రవక్త దావీదు రాజుకు చెప్పిన గొర్రెపిల్ల కథ తీసుకున్నాం (సమూయేలు రెండవ గ్రంథము, 12వ అధ్యాయం). దావీదు ఊరియా భార్యను తీసుకున్నాక, పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ చెప్పాడు నాతాను. అంత చిన్న కథ అంత పని ఎలా చేసిందన్నదే చర్చ. విన్నంతసేపూ అది ఇంకెవరిదో కథ అనుకోబట్టే రాజుకు కోపం వచ్చింది, తీర్పు కూడా తనే చెప్పాడు. అప్పుడు వచ్చింది 'ఆ మనుష్యుడవు నీవే' అన్న మాట. ఆ మాట మొదట్లోనే అని ఉంటే కథే లేదు. పైకి ఒకరి కథ, లోపల ఇంకొకరిది. మన పెద్దలు అన్యాపదేశం అనేది దీన్నే.

ఆగస్టు నుంచి జనవరి దాకా ఒకే పుస్తకం, 'యాత్రికుని ప్రయాణము'. క్రైస్తవుడు అనే పేరుగల మనిషి తన ఊరు వదిలి పరలోక పట్టణానికి నడిచి వెళ్లే కథ ఇది, దారిలో ఎదురయ్యేవాళ్లకు గుణాల పేర్లే ఉంటాయి. మన ఇళ్లలో చాలామంది తాతల పెట్టెల్లో ఉండేదే, చదివింది మాత్రం తక్కువమంది. రాసిన జాన్ బన్యన్ ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ దగ్గరి ఎల్‌స్టో వాడు, గిన్నెలకు మాట్లు వేసుకుని బతికినవాడు. అనుమతి లేకుండా బోధించాడని 1660లో పట్టుకుని పన్నెండేళ్లు జైల్లో పెట్టారు. మొదటి భాగం 1678లో, రెండోది 1684లో వచ్చాయి. మేం చదివింది మొదటి భాగమే.

పాత్రల పేర్ల దగ్గరే మొదటి గొడవ. మొండివాడు, మెత్తనివాడు, లోకజ్ఞాని అని పేర్లు పెట్టేస్తే ఇక ఉత్కంఠ ఏముంటుందని యూత్ వాళ్లు అడిగారు. తెలుగు ఎం.ఏ. చదువుతున్న అమ్మాయి ఒకామె ఇది మనకు కొత్తేమీ కాదంది. 11వ శతాబ్దంలో కృష్ణమిశ్రుడు రాసిన సంస్కృత నాటకం 'ప్రబోధచంద్రోదయం'లో వివేకుడు, మహామోహుడు యుద్ధాలే చేస్తారు. 15వ శతాబ్దంలో నంది మల్లయ, ఘంట సింగన కలిసి దాన్ని తెలుగు కావ్యం చేశారు. ఇక ఉత్కంఠ మాటకొస్తే, మెత్తనివాడు వెనక్కి పోతాడని పేరు చూడగానే తెలిసిపోతుంది, ఎక్కడ పోతాడో తెలియదు. నిరాశ ఊబిలో మొదటిసారి బురద అంటగానే పోయాడు. ఆ ఊబిని పూడ్చడానికి 20 వేల బండ్ల మంచి బోధలు పోసినా పూడలేదని బన్యన్ రాశాడు. ఇది చదివినప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది అయ్యగారే.

పేర్ల తెలుగు మీద కూడా ఒక సాయంత్రం గడిచింది. ఇంగ్లీషు బన్యన్‌లో 'మరణపు నీడ లోయ' ఉంది. అది 1611 నాటి ఇంగ్లీషు బైబిలులోని ఇరవై మూడో కీర్తన మాట. మన బైబిలులో అదే చోట 'గాఢాంధకారపు లోయ' అని ఉంటుంది. అనువాదకుడు ఇంగ్లీషు మాటనే తెలుగు చేస్తే మన పాఠకుడికి కీర్తన గుర్తుకు రాదు, కీర్తన మాట పెడితే నీడ పోతుంది. దారిలో వచ్చే 'వ్యానిటీ ఫెయిర్'ను వ్యర్థపు సంత అనాలా తిరునాళ్ల అనాలా అన్నది ఇంకో చర్చ. సంత వారానికోసారి, తిరునాళ్ల ఏడాదికోసారి. బన్యన్ చెప్పేది ఏడాది పొడుగునా మూతపడనిది. ఏదీ సరిపోలేదు, అలాగే వదిలేశాం.

అసలు చిక్కు మూట దగ్గర వచ్చింది. వీపు మీద మూటతో బయలుదేరిన క్రైస్తవుడికి సిలువ దగ్గరకు రాగానే అది జారి, దొర్లుకుంటూ సమాధిలో పడిపోతుంది. పుస్తకంలో అప్పటికి సగం కూడా కాలేదు. "ఇంటర్వెల్ పడకుండానే క్లైమాక్స్ అయిపోయింది, ఇంకేం చదవాలి?" అన్నారు మన కోశాధికారి గారు. నెలరోజులు ఈ ప్రశ్న మీదే ఉన్నాం. చివరికి కొంత తేలింది. మూట పోయాక అతన్ని ఇరికించేవాటిలో అతను చేజేతులా తెచ్చుకున్నవి ఎక్కువ. పందిట్లో నిద్రపోయి చేతిలోని పత్రం పోగొట్టుకుంటాడు. దారి కాళ్లకు గరుకుగా ఉందని కంచె దాటి పక్క పచ్చికలోకి దిగుతాడు, వద్దేమో అన్న తోటివాణ్ని కూడా ఒప్పించి తీసుకెళ్తాడు. మూట దించుకోవడమే ఈ కథ అయితే అక్కడే ఆగేది. నా ఉద్దేశంలో బన్యన్‌కు అసలు కథ వీపు తేలికయ్యాకే మొదలైంది.

ఆ పచ్చిక దారి సందేహ దుర్గానికి పోతుంది. డిసెంబరు కూడికకు జిరాక్సులు తీయించింది నేను. రెండు కాగితాలు అంటుకుపోయి ఒక పేజీ రాలేదు, చూసుకోలేదు. అందరి చేతుల్లోనూ కథ ఒకేచోట తెగింది. నిరాశ అనే రాక్షసుడు ఇద్దరినీ బుధవారం ఉదయం నుంచి కొట్లో వేసి, కర్రతో బాది, చచ్చినవాళ్ల ఎముకలు చూపించాడు. శనివారం అర్ధరాత్రి ఇద్దరూ ప్రార్థన మొదలుపెట్టారు. తర్వాత పేజీ లేదు.

టెన్షన్ పడ్డాను గానీ, ఏడాది మొత్తంలో మంచి కూడిక అదే. ఎలా బయటపడతారో చెప్పమన్నాం. బైబిలులో చెరసాలలో ఉన్న పేతురుకి వచ్చినట్టు దూత వస్తాడని ఒకరు, పౌలు సీలలకు వచ్చినట్టు భూకంపమని ఇంకొకరు. రాక్షసుడి భార్య జాలిపడుతుందేమో అని ఒక అక్కయ్య అన్నారు. ఆవిడ పేరు అపనమ్మకం, కొట్టమని నేర్పిందే ఆవిడని గుర్తుచేశాం. అప్పుడు నా పుస్తకంలోంచి చదివాను. క్రైస్తవుడి రొమ్ము దగ్గరే ఒక తాళంచెవి ఉంది, దాని పేరు వాగ్దానం. ఇన్ని రోజులూ అక్కడే ఉంది.

గదిలో గోల. "ముందే చెప్పాలిగా! ఎవరిచ్చారు?" అని అందరూ పేజీలు వెనక్కి తిప్పారు. ఎవరిచ్చిందీ ఎక్కడా దొరకలేదు. ఇది రచయిత మోసమని ఒక పక్షం, మరిచిపోయిన వాగ్దానం సంగతి పాఠకుడు కూడా మరిచిపోవాలిగా అని ఇంకో పక్షం. కథ అల్లికగా చూస్తే మొదటి పక్షమే నెగ్గుతుందని నాకనిపించింది. కానీ ఒక వివరం నన్ను వదల్లేదు. కొట్టు తలుపు, దాని తర్వాతి తలుపు తేలిగ్గా తెరుచుకుంటాయి. చివరి ఇనప గేటు తాళం మాత్రం మహా బిర్రుగా తిరుగుతుంది. వాగ్దానమని పేరు పెట్టాక కూడా తాళంచెవిని ఇనుములాగే తిప్పించాడు. మాట్లు వేసిన చెయ్యి అది.

ఫిబ్రవరిలో టాల్‌స్టాయ్ 1885 కథ, నేలమాళిగలో ఉండే చెప్పులు కుట్టే మార్టిన్‌ది, ఒక్క పూటలో ముగించాం. అతని కిటికీలోంచి మనుషులు కనపడరు, నడిచే బూట్లే కనపడతాయి, వాటిని బట్టే మనుషుల్ని గుర్తుపడతాడు. ఒకదాని పేరు చెప్పి దానికి సంబంధించిన ఇంకోదాన్ని సూచించడమే 'లక్షణ'. బోర్డు మీద అర్థం కాని అది ఇక్కడ అందరికీ అర్థమైంది. మార్చిలో పరీక్షల వల్ల హాజరు పలచగా ఉండి చర్చ సాగలేదు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా ఇస్తున్నారు. లైబ్రరీ నుంచి వెళ్లిన 'యాత్రికుని ప్రయాణము' పాత ప్రతి ఒకటి తిరిగి రాలేదు. ఎవరి దగ్గరున్నా తెచ్చివ్వగలరు, పేరు అడగం. వచ్చే ఏడాదికి లూ వాలెస్ 1880 నాటి నవల 'బెన్‌హర్' పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదన, సభ్యుల ఆమోదం కావాలి. జిరాక్సుల పని మాత్రం ఈసారి వేరొకరికి అప్పగించమని కొందరు కోరారు. డిసెంబరు కూడికకు వచ్చినవాళ్లు నన్నే కొనసాగించమంటున్నారు.