అది హార్మోన్ ఇచ్చే మాత్ర కాదు

ఎడిటర్ గారికి,

నేను తిరుపతి కొర్లగుంటలో 20 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. రెండేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయ్యాయి. ఇప్పుడు రోజూ 20 మిల్లీగ్రాముల టామాక్సిఫెన్ మాత్ర ఒకటి. 5 ఏళ్లు వేసుకోవాలన్నారు.

పలమనేరులో మా పిన్నమ్మ కూతురికీ ఇదే జబ్బు, ఇదే మాత్ర. 14 నెలలకే ఆపేసింది. "హార్మోన్ వల్లే గడ్డ పెరిగిందంటారు, మళ్లీ హార్మోన్ మాత్ర ఇస్తారేందక్కా" అనింది. మందుల షాపులో అబ్బాయి కూడా ఎక్కువ రోజులు మంచిది కాదన్నాడంట. మొన్న సంక్రాంతి తర్వాత నడుము నొప్పని స్కాన్ తీయిస్తే వెన్నెముకలో క్యాన్సర్ కనిపించింది. మాత్ర ఆపినందుకే వచ్చిందని నేను అనను. కానీ ఆ మాత్ర ఏం చేస్తుందో ఆమెకి ఎవరూ తెలుగులో చెప్పలేదు. అదే నా బాధ.

నాకు చెప్పింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. రిపోర్టులో 'ఈఆర్ పాజిటివ్' అన్న చోట వేలు పెట్టి మరీ చెప్పింది. అంటే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్లు గడ్డ కణాల్లో ఉన్నాయని. నా పనిలో పెట్టి చూసుకుంటే ఇట్లా అర్థమైంది. కణంలోని డీఎన్ఏ నా కొలతల పుస్తకం లాంటిది. అన్ని పేజీలూ ఒకేసారి తెరిచి పెట్టుకోను కదా! ఈస్ట్రోజన్ కణంలోకి పోయి రిసెప్టర్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. ఆ జంట డీఎన్ఏ మీద కూర్చుని కొన్ని జీన్‌లను, అంటే ఆ పుస్తకంలో కొన్ని పేజీలను, పనిలోకి దించుతుంది. కణం రెండుగా చీలడానికి కావలసిన సైక్లిన్ డీ1 జీన్ అందులో ఒకటి. పుస్తకంలో రాతను హార్మోన్ మార్చదు, పేజీ తెరుస్తుంది. రొమ్ము కణంలో ఈస్ట్రోజన్ కూర్చునే చోటును టామాక్సిఫెన్ ముందే ఆక్రమిస్తుంది. ఆ పేజీ తెరుచుకోదు. నెలసరి ఆగినవాళ్లకు ఇచ్చే లెట్రోజోల్ అయితే ఒంట్లో ఈస్ట్రోజన్ తయారీనే తగ్గిస్తుంది.

రొమ్ము క్యాన్సర్లలో నూటికి 70 దాకా ఈ ఈఆర్ పాజిటివ్ రకమే. ఎక్కడో దాగిన కణాలు ఏళ్ల తర్వాత కూడా లేవొచ్చు కాబట్టే ఇన్నేళ్ల మాత్ర.

కష్టం లేదని కాదు. ఒంట్లో సెగలు పుట్టి మిషను ముందు కూర్చోలేని రోజులున్నాయి. అలాంటప్పుడు డాక్టరుకు చెప్పాలి, మనంతట మనం ఆపకూడదు.

తిరుపతి, చిత్తూరు ఆసుపత్రుల వాళ్లను అడిగేది ఒకటే. మందు చీటీతో పాటు తెలుగులో ఒక కాగితం ఇవ్వండి. దాని మీద 'హార్మోన్‌ను అడ్డుకునే మాత్ర' అని పెద్దక్షరాలతో రాయండి. ఒకటి నాకూ ఇస్తే షాపు గోడకు అంటిస్తాను. జాకెట్ల కోసం వచ్చే ఆడవాళ్లు కాసేపు కూర్చునేది అక్కడే.

- ఒక టైలరమ్మ, కొర్లగుంట, తిరుపతి